శాంతి రాయబారి రాజాజీ

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా మూడు భాషల కూడలి. హోసూరు ప్రాంతంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి. ఆ హోసూరుకు సమీపాన తొరపల్లి అనే చిన్న గ్రామం ఉంది. ఆ గ్రామ మునసబు ఇంట పుట్టిన ఒక బాలుడు పెరిగి పెద్దవాడై స్వతంత్ర భారతదేశానికి గవర్నర్ జనరల్ అయ్యారు. అంతకంటె విశేషమైన సంగతి మరొకటి ఉంది. పదవులన్నీ ముగిసిన తరువాత, 83 ఏళ్ళ ముదిమి వయసులో ఆయన సముద్రాలు దాటి వెళ్ళి, అమెరికా అధ్యక్షుని కలుసుకొని, అణుబాంబు పరీక్షలు మానుకొమ్మని హితవు చెప్పారు. ఆయనే చక్రవర్తి రాజగోపాలాచారి. దేశమంతా ఆయనను రాజాజీ అని ఆదరంతో పిలుచుకొంది.

రాజాజీ 1878 డిసెంబరు 10వ తేదీన జన్మించారు. తండ్రి చక్రవర్తి అయ్యంగారు, తల్లి సింగారమ్మ. ఆ కాలంలో హోసూరు, కృష్ణగిరి, ఊత్తంగరై తాలూకాలన్నీ సేలం జిల్లాలో చేరి ఉండేవి. రాజాజీ చదువు తొరపల్లిలో మొదలై హోసూరులో కొనసాగింది. తరువాత ఆయన బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో పట్టం పొంది, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1900 ప్రాంతంలో సేలం పట్టణంలో వకీలుగా స్థిరపడ్డారు. విషయాన్ని చిక్కుముడి విప్పినట్లు విడదీసి, తక్కువ మాటలలో చెప్పగల నేర్పు ఆయనకు అనతికాలంలోనే మంచి పేరు తెచ్చింది. 1917లో ఆయన సేలం పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. అదే సంవత్సరం అమెరికాలో జాన్ ఎఫ్. కెన్నెడీ జన్మించారు. నలభై అయిదేళ్ళ తరువాత ఈ ఇద్దరూ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుంటారని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

1919లో మద్రాసుకు వచ్చిన గాంధీజీతో రాజాజీకి పరిచయమయింది. మరుసటి సంవత్సరమే ఆయన బాగా సాగుతున్న వకీలు వృత్తిని వదలుకొని స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. 1921లో చెరసాలకు వెళ్ళారు. 1925లో తిరుచెంగోడు సమీపాన గాంధీ ఆశ్రమం స్థాపించి, ఖద్దరు ఉత్పత్తి, మద్యపాన నిషేధ ప్రచారం, అస్పృశ్యతా నివారణ కార్యక్రమాలు సాగించారు. 1930లో గాంధీజీ దండికి నడిచినట్లే, రాజాజీ తిరుచిరాపల్లి నుండి వేదారణ్యానికి పాదయాత్ర చేసి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు.

1937లో ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఆంధ్ర ప్రాంతం కూడా ఉండేది. ఆ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన ఆయన మద్యపాన నిషేధాన్ని తన సొంత జిల్లా అయిన సేలంలోనే మొదట అమలు చేశారు. అలా ఊత్తంగరై, హోసూరు, కృష్ణగిరి పల్లెలు ఆ ప్రయోగానికి తొలి వేదికలయ్యాయి. కల్లు, సారా అమ్మకాల మీద వచ్చే ఆదాయం పోతే ప్రభుత్వం ఎలా నడుస్తుందని చాలామంది ప్రశ్నించారు. ఆ లోటును పూడ్చుకొనడానికి ఆయన 1939లో అమ్మకపు పన్ను ప్రవేశపెట్టారు. అదే సంవత్సరం హరిజనుల ఆలయ ప్రవేశానికి చట్టపు రక్షణ కల్పించారు. ఒక పని న్యాయమని తోచినపుడు దాని వల్ల వచ్చే నష్టాన్ని లెక్కకట్టి, ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడడం ఆయన పద్ధతి.

అయితే ఆయన నిర్ణయాలన్నిటినీ ప్రజలు మెచ్చలేదు. 1938లో పాఠశాలల్లో హిందీని నిర్బంధం చేసినపుడు తమిళనాట పెద్ద ఆందోళన చెలరేగింది. వేయిమందికి పైగా చెరసాలపాలయ్యారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమాన్ని సమర్థించలేక ఆయన సహచరులకు దూరమయ్యారు. జపాను సేనలు తరుముకొని వస్తున్న వేళ దేశ రక్షణే ముందు అని ఆయన వాదం. 1952లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నపుడే పొట్టి శ్రీరాములు ప్రత్యేకాంధ్ర కోసం నిరాహారదీక్ష చేసి ప్రాణాలర్పించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం విషయంలో రాజాజీ పట్టుదల ఆనాడు తెలుగువారికి మనస్తాపం కలిగించింది. 1953లో ఆయన ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా పథకం ప్రకారం పల్లె పిల్లలు రోజులో కొంతసేపు బడిలో చదివి, మిగిలిన వేళ తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. అది కులవృత్తులను శాశ్వతం చేస్తుందని తీవ్రమైన నిరసన వచ్చింది. 1954లో ఆయన పదవి నుండి వైదొలగారు. తరువాత వచ్చిన కామరాజు ఆ పథకాన్ని రద్దు చేశారు.

ఇవన్నీ చెప్పుకొనడం ఆయనను తక్కువ చేయడానికి కాదు. జనం మెచ్చినా మెచ్చకపోయినా తాను నమ్మినది చెప్పే స్వభావం ఆయనది. ఆ స్వభావం కొన్నిమార్లు ఆయనను ప్రజలకు దూరం చేసింది. అదే స్వభావం ఆయనను ప్రపంచ శాంతి కోసం మాట్లాడేటట్లు కూడా చేసింది.

రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. రెండు నగరాలు క్షణాలలో బూడిద కుప్పలయ్యాయి. యుద్ధం ముగిసినా బాంబుల తయారీ ముగియలేదు. 1949లో రష్యా కూడా అణుబాంబును సాధించింది. ఆపైన అగ్రరాజ్యాలు రెండూ ఒకదానిని మించి ఒకటి మరింత భయంకరమైన బాంబులు చేసి, వాటిని ఎడారులలోను సముద్ర ద్వీపాలలోను పేల్చి పరీక్షించసాగాయి.

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవి వద్ద అమెరికా ఒక హైడ్రోజన్ బాంబును పేల్చింది. ఆ పేలుడుకు దూరంగా 23 మంది జపాను జాలరులు ఒక పడవలో చేపలు పడుతున్నారు. ఆకాశం నుండి తెల్లని బూడిద వారిమీద రాలింది. అది విషధూళి. వారందరూ జబ్బుపడ్డారు. ఆ సంవత్సరమే వారిలో ఒకరు మరణించారు. ఇటువంటి ధూళి గాలిలో కలిసి దేశదేశాలకు కొట్టుకొనిపోతుంది. వర్షంతోపాటు నేలమీద పడి గడ్డిలో చేరుతుంది. ఆ గడ్డి మేసిన ఆవుల పాలలో చేరి, పాలు తాగిన పసిబిడ్డల ఎముకలలో నిలిచిపోతుంది. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు వెల్లడించగానే ప్రపంచం కలవరపడింది. భారత ప్రధాని నెహ్రూ 1954 ఏప్రిల్ నెలలో పార్లమెంటులో మాట్లాడుతూ పరీక్షలను నిలిపివేయాలని అన్ని దేశాలనూ కోరారు.

రాజాజీ అప్పటికే భారతరత్న బిరుదు పొందిన పెద్ద. 1948 జూన్ నుండి 1950 జనవరి 26 వరకు గవర్నర్ జనరల్‌గా దేశాధినేత స్థానంలో ఉన్నవారు. హాయిగా రామాయణ భారతాలు వ్రాసుకొంటూ విశ్రాంతి తీసుకొనవలసిన వయసు. కాని ఆయన అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా వ్యాసాలు వ్రాయడం, సభలలో మాట్లాడడం ప్రారంభించారు. ఒక న్యాయవాది వలె ఆయన సమస్యను సూటిగా నిలిపారు. రెండు దేశాలకు తగవు ఉంటే అది వారిద్దరి మధ్యది. గాలి అందరిది. తమ తగవు కోసం ఇతర దేశాల ప్రజలు పీల్చే గాలిని విషమయం చేసే హక్కు ఏ దేశానికీ లేదు. ఎదుటివాడు మానితే నేను మానుతాను అని ఇద్దరూ అనుకొంటే ఎప్పటికీ మానడం జరగదు. బలవంతుడే ముందుగా మానాలి. ఇది ఆయన వాదసారం.

రాజాజీ సైన్యమే వద్దన్నవారు కారు. 1942లో ఆయుధాలతో దేశాన్ని కాపాడుకొనవలసిందే అని పట్టుబట్టినవారిలో ఆయన ఒకరు. సైనికుడు సైనికుడితో పోరాడే యుద్ధం వేరు, ఇంకా పుట్టని బిడ్డలను కూడా బాధించే ఆయుధం వేరు అని ఆయన గుర్తించారు. 1959లో ఆయన నెహ్రూ విధానాలను ఎదిరిస్తూ స్వతంత్ర పార్టీని స్థాపించారు. ఆ పార్టీకి మన తెలుగు రైతు నాయకుడు ఎన్.జి. రంగా అధ్యక్షులయ్యారు. రాజకీయాలలో నెహ్రూతో ఎంతగా విభేదించినా, అణుపరీక్షల విషయంలో మాత్రం రాజాజీది, నెహ్రూది ఒకే మాట.

1961 జనవరి 20న జాన్ ఎఫ్. కెన్నెడీ అమెరికా అధ్యక్ష పదవిని చేపట్టారు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్ళు. ఆ దేశంలో ఎన్నికద్వారా అధ్యక్షులైనవారిలో ఆయనే అందరికంటె చిన్నవారు. ఆయన పాలన మూడేళ్ళైనా నిండలేదు. కాని ఆ కొద్ది కాలంలోనే ప్రపంచం అనేక గండాలను చూసింది. 1961 ఏప్రిల్‌లో అమెరికా అండతో క్యూబా ప్రవాసులు సుమారు 1400 మంది తమ దేశంపై దాడికి దిగి ఓడిపోయారు. జూన్‌లో వియన్నా నగరంలో కెన్నెడీ, రష్యా నాయకుడు కృశ్చేవ్ సమావేశమయ్యారు గాని సామరస్యం కుదరలేదు. ఆగస్టు 13న బెర్లిన్ నగరాన్ని రెండుగా చీల్చే అడ్డుగోడ నిర్మాణం ఆరంభమయింది.

1958 చివరి నుండి అగ్రరాజ్యాలు అణుపరీక్షలను ఆపి ఉన్నాయి. 1961 సెప్టెంబరు 1న రష్యా ఆ నియమాన్ని విడిచి మళ్ళీ బాంబులు పేల్చసాగింది. అక్టోబరు 30న అది పేల్చిన బాంబు అంతవరకు మానవుడు చేసిన బాంబులన్నిటిలోకీ పెద్దది. అమెరికా భూగర్భ పరీక్షలతో బదులు పలికి, 1962 ఏప్రిల్ నుండి పసిఫిక్ సముద్రం మీద ఆకాశంలోనే పరీక్షలు సాగించింది.

ఆ సమయంలో గాంధీ శాంతి ప్రతిష్ఠానం ముందుకు వచ్చింది. 1962 జూన్‌లో ఢిల్లీలో అణ్వస్త్ర వ్యతిరేక మహాసభ జరిగింది. అమెరికా అధ్యక్షుని స్వయంగా కలుసుకొని మనవి చేయడానికి రాజాజీ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపాలని నిశ్చయించారు. ప్రతిష్ఠానం అధ్యక్షులు ఆర్.ఆర్. దివాకర్, పత్రికా రచయిత బి. శివరావు ఆ బృందంలో ఉన్నారు. రాజాజీ అంతకు ముందు ఎన్నడూ పాశ్చాత్య దేశాలకు వెళ్ళలేదు. గవర్నర్ జనరల్ హోదాలో రాజలాంఛనాలతో వెళ్ళగలిగిన నాడు వెళ్ళని ఆయన, ఏ పదవీ లేని సామాన్య పౌరునిగా, వృద్ధాప్యంలో ఆ దూరప్రయాణానికి పూనుకొన్నారు.

1962 సెప్టెంబరు చివరి వారంలో వాషింగ్టన్ నగరంలోని శ్వేతసౌధంలో ఆ సమావేశం జరిగింది. ఒకవైపు 45 ఏళ్ళ యువ అధ్యక్షుడు. ఆయన ఆజ్ఞాపిస్తే నగరాలకు నగరాలే మాయమయ్యేటంత బలగం ఆయన చేతిలో ఉంది. మరొకవైపు మాట తప్ప వేరే బలం లేని వృద్ధుడు. రాజాజీ కోపగించుకొనలేదు, నిందించలేదు, బతిమాలలేదు. పరీక్షల వల్ల కలిగే కీడును, అమెరికా తానై ముందుగా మానుకొంటే దానికి కలిగే గౌరవాన్ని ఒక్కొక్కటిగా విడమరచి చెప్పారు. కెన్నెడీ కూడా తన ఇబ్బందులను దాచలేదు. ఒప్పందం చేసుకొంటే రష్యా దానిని పాటిస్తున్నదో లేదో తనిఖీ చేయాలని అమెరికా కోరుతున్నది. ఆ తనిఖీ గూఢచర్యమేనని రష్యా నిరాకరిస్తున్నది. ముడి అక్కడ బిగుసుకొని ఉన్నది. కేటాయించిన సమయం దాటిపోయినా సంభాషణ సాగింది. అధ్యక్షుడు ఆ పెద్దాయన మాటలను శ్రద్ధతో విన్నారు.

అయినా అమెరికా వెంటనే పరీక్షలను ఆపలేదు. రష్యా కూడా ఆపలేదు. ఆ రోజులలోనే కెన్నెడీని సొంత ఇంటి తగవు కూడా చుట్టుముట్టింది. మిసిసిపీ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థిని చేర్చుకొనకూడదని తెల్లవారు సెప్టెంబరు 30న అల్లర్లు చేయగా ఇద్దరు మరణించారు. ఒక విద్యార్థికి చదువుకొనే హక్కు దక్కించడానికి అధ్యక్షుడు సైన్యాన్ని పంపవలసి వచ్చింది. మన దేశంలో గుడి తలుపులు అందరికీ తెరవడానికి పాటుపడిన రాజాజీకి ఇటువంటి తగవులు తెలియనివి కావు.

అక్టోబరు నెలలో అసలు గండం వచ్చింది. అమెరికా తీరానికి సుమారు 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యూబాలో రష్యా అణు క్షిపణులను నిలుపుతున్నట్లు విమానాలు తీసిన ఛాయాచిత్రాలలో బయటపడింది. కెన్నెడీ నౌకాదళంతో క్యూబాను చుట్టుముట్టించారు. పదమూడు రోజులపాటు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. ఎవరు తొందరపడినా మూడవ ప్రపంచ యుద్ధమే. చివరకు అక్టోబరు 28న కృశ్చేవ్ క్షిపణులను వెనుకకు తీసుకొంటామని ప్రకటించారు. క్యూబాపై దాడి చేయబోమని కెన్నెడీ మాట ఇచ్చారు. టర్కీలో ఉన్న అమెరికా క్షిపణులను తొలగించడానికి కూడా ఆయన రహస్యంగా ఒప్పుకొన్నారని తరువాత తెలిసింది. ఇద్దరూ ఒక్కొక్క అడుగు వెనుకకు వేయడం వల్లనే ప్రపంచం బతికి బయటపడింది.

సరిగ్గా ఆ దినాలలోనే, అక్టోబరు 20న, చైనా సేనలు మన సరిహద్దులపై విరుచుకుపడ్డాయి. భారతదేశం అమెరికాను ఆయుధ సహాయం కోరగా కెన్నెడీ అంగీకరించారు. నెల రోజుల తరువాత చైనా కాల్పులు విరమించింది. శాంతిని కోరే దేశానికి కూడా తన హద్దులను కాపాడుకొనే శక్తి అవసరమని ఆ యుద్ధం నేర్పింది. రాజాజీ ఈ సత్యాన్ని ఎన్నడూ కాదనలేదు.

క్యూబా గండం తరువాత అగ్రరాజ్యాల నాయకులు ఇద్దరూ కొంత మెత్తబడ్డారు. 1963 జూన్ 10న ఒక విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ కెన్నెడీ, ఆకాశంలో పరీక్షలు జరిపే విషయంలో ఇతర దేశాలు చేయనంతవరకు తాము చేయబోమని ప్రకటించారు. బలవంతుడే ముందుగా ఒక అడుగు వేయడం అంటే ఇదే. ఆగస్టు 5న మాస్కో నగరంలో అమెరికా, రష్యా, బ్రిటన్ దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. గాలిలో, అంతరిక్షంలో, నీటిలో అణుపరీక్షలు చేయకూడదని దాని సారాంశం. తనిఖీ చిక్కు వీడని భూగర్భ పరీక్షలను మాత్రం అందులో చేర్చలేదు. మూడు రోజులలోనే భారతదేశం కూడా సంతకం చేసింది. అక్టోబరు 10న ఆ ఒప్పందం అమలులోకి వచ్చింది. ఆరు వారాలు గడిచాయో లేదో, నవంబరు 22న డల్లాస్ నగరంలో కెన్నెడీ హంతకుని తుపాకి గుండ్లకు బలయ్యారు.

ఆ ఒప్పందం రాజాజీ ఒక్కరి మాట వల్ల కుదిరిందని చెప్పడం సరికాదు. వేలాది శాస్త్రజ్ఞులు విజ్ఞప్తులు చేశారు. బిడ్డల పాలలో విషం వద్దని తల్లులు వీధులలో నడిచారు. క్యూబా గండం నాయకుల కళ్ళు తెరిపించింది. ఈ అందరి గొంతులలో మన తొరపల్లి పెద్దాయన గొంతు ఒకటి. చుక్క చుక్కగా నిండిన చెరువు ఏ చుక్క వల్ల నిండిందని చెప్పగలం? అయినా ఏ చుక్కా వృథా కాదు.

రాజాజీ కోరినదంతా జరగలేదన్నది కూడా నిజం. భూగర్భ పరీక్షలు దశాబ్దాలపాటు సాగాయి. 1964లో చైనా, 1974లో మన దేశం అణుపరీక్షలు జరిపాయి. అన్ని పరీక్షలనూ నిషేధించే ఒప్పందం 1996లో తయారైనా అది ఇంకా అమలులోకి రాలేదు. కాని ఆకాశంలో బాంబులు పేల్చే ఆచారం మాత్రం ఆగిపోయింది. పసిబిడ్డలు తాగే పాలు ఆ మేరకు శుభ్రపడ్డాయి.

ఆ తరువాత కూడా రాజాజీ కలం దించలేదు. ఒకనాడు హిందీని ప్రవేశపెట్టిన ఆయనే, హిందీని ఇతరులపై రుద్దరాదని 1960వ దశకంలో గట్టిగా వాదించారు. 1972 డిసెంబరు 25న, 94 ఏళ్ళ నిండు వయసులో ఆయన మద్రాసులో కన్నుమూశారు. తొరపల్లిలో ఆయన పుట్టిన ఇల్లు నేడు స్మారక మందిరంగా నిలిచి ఉంది.

అధికారం చేతిలో ఉన్నపుడు మాట చెల్లించుకొనడం గొప్ప కాదు. అధికారం పోయిన తరువాత, ఫలితం దక్కుతుందో లేదో తెలియకపోయినా, ప్రపంచంలోకెల్లా బలవంతుని ఎదుట నిలిచి మంచిమాటను మర్యాదగా చెప్పడం గొప్ప. మన హోసూరు గడ్డ మీద పుట్టిన రాజాజీ ఆ పని చేసి చూపారు. వినేవారు వినకపోవచ్చు, ఆలస్యంగా వినవచ్చు. చెప్పవలసినవారు చెప్పడం మానకూడదు.